నియమం మతాల పట్ల తటస్థంగా ఉందా? పరీక్షించే పద్ధతి

ప్రజాస్వామ్యం మతవిశ్వాసాల పట్ల నైతికంగా తటస్థమా కాదా అని అడిగి ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే, అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ‘తటస్థం’ అన్న మాటలో నాలుగు అర్థాలు ఇరుక్కుని ఉన్నాయి. వాదించుకునేవాళ్లు చెరొక అర్థం పట్టుకుని, ఎదుటివాళ్లు మొండికేస్తున్నారని అనుకుంటారు. అందుకే ఆ ప్రశ్నను గాల్లో వదిలేయకుండా ఒక చట్టం మీదో, బడి నిబంధన మీదో, ఆఫీసు సర్క్యులర్ మీదో పెట్టి చూడాలి. ఎలా చూడాలో, ఎక్కడ కాలు జారుతుందో కింద వరసగా ఉంది. నిబంధనలు రాసే కమిటీల్లో ఉన్నవాళ్లకూ, వాటి మీద అభ్యంతరం రాయాల్సి వచ్చినవాళ్లకూ, చర్చాపోటీలకు తయారయ్యే విద్యార్థులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

పద్ధతిలోకి వెళ్లే ముందు మా వాదన ఏమిటో చెప్పేయడం న్యాయం. ప్రజాస్వామ్యం పునాది దగ్గర తటస్థం కాదు. మనిషికొక ఓటు, ఆ ఓట్లన్నిటికీ ఒకే విలువ అనడమే ఒక నైతిక నిర్ణయం. కొందరు ఏలడానికే, మిగతావాళ్లు ఏలుబడిలో పడి ఉండడానికే పుట్టారని ఎవరికైనా మతపరమైన నమ్మకం ఉండవచ్చు. ఆ నమ్మకం ఉన్నందుకు ప్రజాస్వామ్యం వాళ్లను శిక్షించదు. దాని ప్రకారం ఓట్లు లెక్కపెట్టదు కూడా. అక్కడ అది పక్షం తీసుకుంది. ఆ పక్షం తీసుకున్నాక, ఒక మతానికీ ఇంకో మతానికీ మధ్య, మతం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య వ్యవహరించేటప్పుడు మాత్రం తటస్థంగా ఉండి తీరాలి. ఈ రెండిటినీ కలిపేస్తే పరీక్ష మొదట్లోనే చెడిపోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

నియమం పూర్తి పాఠం కావాలి. పత్రికలో వచ్చిన సారాంశం చాలదు. నిర్వచనాలు, మినహాయింపులు, సవరణలు అన్నీ ఉన్న ప్రతి సంపాదించండి. గుట్టు చాలాసార్లు నిషేధించిన చోట ఉండదు, ఎవరిని వదిలేశారన్న చోట ఉంటుంది.

ఆ నియమం ఎందుకు తెచ్చారో చెప్పే రికార్డు కూడా కావాలి: సభలో జరిగిన చర్చ, కమిటీ మినిట్స్, ఉత్తర్వు ముందుమాట. ఆ తర్వాత నియమం ఎవరెవరికి తగులుతుందో ఒక జాబితా రాసుకోండి. అందులో సంఖ్యాబలం లేని మతంవాళ్లు ఒక్కరైనా, ఏ మతమూ పాటించనివాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఈ రెండో రకం మనుషుల్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ‘అన్ని మతాలకూ సమానం’ అని రాసేసి పని అయిపోయిందనుకుంటారు.

చివరగా, హక్కుకు హద్దులు చెప్పే వాక్యం. భారత రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛను శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి ఇచ్చింది. ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 9వ అధికరణ ప్రకారం ఆంక్ష చట్టంలో రాసి ఉండాలి, ‘ప్రజాస్వామ్య సమాజంలో అవసరం’ కూడా అయి ఉండాలి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణలో భద్రత, శాంతి, ఆరోగ్యం, నైతికత, ఇతరుల ప్రాథమిక హక్కులు అన్న కారణాలు ఉన్నాయి. ఈ జాబితాను అక్షరం అక్షరం చదవాలి. ‘దేశ భద్రత’ అన్న కారణం అందులో లేదు. అక్కడ చెప్పింది ప్రజల భద్రత గురించి. రెండూ ఒకటి కావు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో ఈ అధికరణకు వివరణ ఇస్తూ, జాబితాలో లేని కారణంతో ఆంక్ష పెట్టడానికి వీల్లేదని స్పష్టంగా చెప్పింది.

మొదటి అడుగు: ఏ తటస్థత గురించి మాట్లాడుతున్నాం?

ఉద్దేశంలో తటస్థత అంటే ఏ మతాన్నీ పెంచాలనీ తుంచాలనీ నియమం పెట్టకపోవడం. కారణంలో తటస్థత అంటే నియమాన్ని సమర్థించే వాదన ఏదో ఒక మతం సత్యమన్న నమ్మకం మీద ఆధారపడకపోవడం. వ్యవహారంలో తటస్థత అంటే అందరికీ ఒకే సాయం, ఒకే అడ్డంకి. ఫలితంలో తటస్థత అంటే నియమం అమలయ్యాక ఏ మతమూ మునుపటికన్నా బలపడకుండా, బలహీనపడకుండా ఉండడం.

నాలుగూ ఒక్కచోట దొరకవు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఆదివారం దుకాణాలు మూయాలన్న చట్టాలు వచ్చాయి. వాటి పుట్టుక క్రైస్తవం నుంచే అని కోర్టు కాదనలేదు. ఇప్పుడు మాత్రం అవి అందరికీ ఒక విశ్రాంతి దినం ఇవ్వడానికేనని నిలబెట్టింది. శనివారం మతం కోసం, ఆదివారం చట్టం కోసం దుకాణం మూసుకోవాల్సి వచ్చిన యూదు వ్యాపారులు అదే సంవత్సరం అదే కోర్టులో ఓడిపోయారు. ఉద్దేశంలో, కారణంలో తటస్థమని కోర్టు చెప్పిన చట్టమే ఫలితంలో ఒక వర్గానికి వారానికి ఒక రోజు ఆదాయం పోగొట్టింది.

ఫలితంలో పూర్తి తటస్థత ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. తటస్థ రాజ్యాన్ని గట్టిగా సమర్థించిన తత్త్వవేత్త జాన్ రాల్స్ కూడా ఆ సంగతి ఒప్పుకున్నాడు. పిల్లలందరికీ చదువు నేర్పితే చాలు, కొన్ని నమ్మకాలు పెరుగుతాయి, కొన్ని తరుగుతాయి. కాబట్టి ‘ఫలితం సమానంగా లేదు, అందుకే ప్రజాస్వామ్యం తటస్థం కాదు’ అనే వాదన ఎవరూ దాటలేని గీత గీస్తోంది. అలాగని ఫలితాన్ని అవతల పారేయకూడదు. ఫలితం రుజువుగా పనికిరాదు కానీ ఆచూకీగా పనికొస్తుంది. భారం ఒకే వర్గం మీద పడుతోందంటే, మిగతా మూడిట్లో ఎక్కడో లోపం ఉండవచ్చని అర్థం. వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

కాగితం మీద నాలుగు వరసలు గీసి, ఒక్కో వరసలో ఒక్క వాక్యం రాయండి. ఏ వరస ఖాళీగా మిగిలిందో ఆ సమాచారం మీ దగ్గర లేదన్నమాట.

రెండో అడుగు: మాట్లాడుతున్నది ఎవరు?

ఓటరు తన మతం చెప్పిందని ఒకరికి ఓటు వేస్తే ప్రజాస్వామ్యానికి ఏ భంగమూ లేదు. రహస్య బ్యాలెట్‌లో కారణం చెప్పాల్సిన పనే లేదు. బహిరంగ సభలో మతభాషలో మాట్లాడడం కూడా పౌరుడి హక్కే. తటస్థంగా ఉండాల్సింది ప్రభుత్వ గొంతు: చట్టం, తీర్పు, ఉత్తర్వు, పాఠ్యప్రణాళిక. జర్మన్ తత్త్వవేత్త హేబర్మాస్ ఈ గీతను పార్లమెంటు గడప దగ్గర గీశాడు. బయట ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు. గడప దాటాక అందరికీ అర్థమయ్యే కారణాల్లోకి మార్చుకుని మాట్లాడాలి.

ఒకే తరహా తరగతి గది, ఒకే రకం ప్రార్థన, అయినా తీర్పులు వేరుగా వచ్చిన సందర్భం ఒకటుంది. బళ్లో చదవడానికి న్యూయార్క్ రాష్ట్ర అధికారులే ప్రార్థన రాసి ఇస్తే, అమెరికా సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. బడి అయ్యాక అదే రాష్ట్రంలో ఒక పాఠశాల తన గదులను రకరకాల సంఘాలకు ఇస్తూ, మతపరమైన పిల్లల క్లబ్బుకు మాత్రం లేదన్నప్పుడు, 2001లో ఆ నిరాకరణే తప్పని తేల్చింది. మొదటిదాంట్లో ప్రభుత్వం ప్రార్థిస్తోంది. రెండోదాంట్లో పౌరులు ప్రార్థిస్తున్నారు, ప్రభుత్వం గది మాత్రమే ఇస్తోంది.

గొంతు ఎవరిదో తేలని చోట్లు కూడా ఉన్నాయి. ఇటలీ ప్రభుత్వ పాఠశాలల గోడల మీది శిలువ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2009లో ఉల్లంఘన ఉందంది. విస్తృత ధర్మాసనం 2011లో 15-2తో ఉల్లంఘన లేదంది. శిలువ గోడకున్న మౌన చిహ్నం, బోధన కాదు అన్నది రెండో తీర్పు ఆధారం. మాకైతే మొదటి తీర్పే సరైనదనిపిస్తుంది. బడి గోడ ప్రభుత్వానిది, రోజూ దాని ఎదుట కూర్చునేది పిల్లలు, వాళ్లు లేచి వెళ్లిపోయే వీల్లేదు. మీరు ఎటు తేల్చినా, ‘చూసేవాళ్లకు తప్పుకునే దారి ఉందా’ అన్న ప్రశ్న మాత్రం తప్పక వేయండి.

మూడో అడుగు: నమ్మకాన్నీ చేతనీ విడదీయడం

మనసులో ఏం నమ్మాలన్నది ఏ కారణంతోనూ ఆంక్ష పెట్టడానికి వీల్లేని చోటు. ఆ నమ్మకాన్ని బయట ఆచరించడానికి హద్దులు ఉండవచ్చు. 1879లో బహుభార్యాత్వం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ విభజన మీదే నిలబడి, చట్టం చేతల్ని అదుపు చేయగలదు, నమ్మకాల్ని కాదు అంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, ‘ఏమైనా నమ్ముకో, ఏమీ చేయకు’ అనే దాకా వెళ్లడం. అలా అయితే మిగిలేది మతస్వేచ్ఛ కాదు, నోరు మూసుకునే స్వేచ్ఛ. ఇంకో పొరపాటు మరీ సూక్ష్మమైంది. కొన్ని చేతలు చేయించడమంటే నమ్మకాన్నే తాకడం. జెండాకు వందనం చేయడం తమ మతానికి విరుద్ధమని మానేసిన యెహోవాసాక్షుల (ఒక క్రైస్తవ శాఖ) పిల్లల్ని బళ్లోంచి పంపేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1940లో అంది. మూడేళ్లకే, 1943లో, ఆ తీర్పును తానే తిరగరాసింది. 1986లో భారత సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేరళ పిల్లలు ముగ్గురూ జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడ్డారు, పాడలేదు అంతే. వాళ్లను బళ్లోంచి పంపేయడం చెల్లదని కోర్టు చెప్పింది.

నియమాన్ని చదువుతూ ఒక గుర్తు పెట్టుకోండి: ఇది ఒక పని మానమంటోందా, లేక ఒక మాట ఒప్పుకోమంటోందా? మానమనడం తర్వాతి అడుగుల్లో తూకానికి వస్తుంది. ఒప్పుకోమనడం దాదాపు ఎప్పుడూ అక్కడే ఆగిపోవాలి.

నమ్మకం నిజమా కాదా అన్న విచారణలోకి ఎప్పుడూ దిగవద్దు. 1944లో అమెరికా కోర్టు పెట్టిన కట్టుబాటు ఇదే: మతనమ్మకం సత్యాసత్యాలు న్యాయస్థానం తేల్చే విషయం కాదు. ఆ మనిషి దాన్ని నిజాయితీగా నమ్ముతున్నాడా అన్నంతవరకే అడగవచ్చు. భారతదేశంలో ‘మతానికి తప్పనిసరి ఆచారమా’ అన్న పరీక్ష 1954 నాటి శిరూరు మఠం తీర్పు నుంచి నడుస్తోంది. ఏది తప్పనిసరో ఆ మత సిద్ధాంతాన్ని బట్టే చూడాలని ఆ తీర్పు ఉద్దేశం. తర్వాత్తర్వాత తేల్చే పని న్యాయమూర్తులే నెత్తికెత్తుకున్నారు. ఏ మతంలో ఏది ముఖ్యమో ప్రభుత్వ అధికారి తీర్మానించడం మొదలైన రోజున తటస్థత పోయినట్టే.

నాలుగో అడుగు: కారణాన్ని వడకట్టడం

నియమానికి చెబుతున్న కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి. అందులో ఒక మతం వాళ్లకు మాత్రమే చెల్లుబాటయ్యే మాటలు కొట్టేయండి. మిగిలిన వాక్యం నియమాన్ని మోయగలిగితే సరే. కూలిపోతే కారణం తటస్థం కాదు.

‘నైతికత’ అన్న కారణం వచ్చినప్పుడు ఇంకొంచెం ఆగాలి. 1993 నాటి ఐక్యరాజ్యసమితి కమిటీ వివరణలోని ఒక అంశం బంగారం లాంటిది: నైతికత అనేక సామాజిక, తాత్త్విక, మత సంప్రదాయాల నుంచి వస్తుంది, కాబట్టి నైతికత పేరిట పెట్టే ఆంక్ష ఏ ఒక్క సంప్రదాయం నుంచో మాత్రమే పుట్టిన సూత్రం మీద ఆధారపడకూడదు. ఆచరణలో దీన్ని ఇలా వాడండి. ఆ సూత్రాన్ని కనీసం మూడు వేర్వేరు మూలాల నుంచి సమర్థించగలరేమో చూడండి. అందులో ఒకటి మతంతో సంబంధం లేనిదై ఉండాలి. మూడు అన్నది మేం పెట్టుకున్న లెక్క, చట్టంలోది కాదు. ఒకటే మూలం దొరికితే అనుమానించాలని దాని అర్థం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఒక సూత్రం మతంలో పుట్టిందన్న కారణానికే దాన్ని తోసేయడం. హత్య పాపమని మతగ్రంథాలు చెబుతాయి, అంతమాత్రాన హత్యానిషేధం మతచట్టం కాదు. చూడాల్సింది పుట్టుక కాదు, ఈ రోజు దాన్ని నిలబెడుతున్న కారణం.

‘మెజారిటీ మనోభావాలు దెబ్బతింటాయి’ అన్నది కారణమే కాదు, అది సంఖ్య. మరీ వదులైన కారణాల్ని కూడా పట్టుకోవాలి. ముఖం కప్పుకోవడం మీద ఫ్రాన్స్ 2010లో తెచ్చిన నిషేధాన్ని ఐరోపా న్యాయస్థానం 2014లో ‘కలిసి జీవించడం’ అన్న ప్రాతిపదిక మీద నిలబెట్టింది. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. మా దృష్టిలో విభేదించినవాళ్లదే సరైన మాట. ‘కలిసి జీవించడం’ అన్న సంచీలో ఏ ఆంక్షనైనా పట్టించవచ్చు, కాబట్టి అది దేన్నీ వడకట్టలేదు.

ఐదో అడుగు: పేరు మార్చి చూడడం, మినహాయింపులు లెక్కపెట్టడం

నియమంలో ఉన్న ఆచారం స్థానంలో ఇంకో మతం ఆచారం పెట్టి చదవండి. అదే నియమం అప్పుడూ పుట్టేదా? 2009 నవంబరు 29న స్విట్జర్లాండ్ ప్రజాభిప్రాయ సేకరణలో 57.5 శాతం ఓట్లతో కొత్త మినార్ల నిర్మాణాన్ని రాజ్యాంగంలోనే నిషేధించారు. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు. చర్చి గంటస్తంభం పేరు పెట్టి ఆ వాక్యాన్ని చదివితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఓటింగు పద్ధతిగానే జరిగింది. తేలిన నియమం తటస్థం కాదు. బ్యాలెట్ పెట్టెలోంచి వచ్చిందన్న మాట తటస్థతకు సాక్ష్యం కాదని ఇంతకన్నా సూటిగా చూపే ఉదాహరణ మాకు కనబడలేదు.

మతం పేరెత్తని నియమాలకు మినహాయింపుల లెక్క కావాలి. ఫ్లోరిడాలోని హయలియా నగరంలో జంతుబలి ఆచారమున్న శాంటెరియా అనే మతంవాళ్లు ప్రార్థనాలయం పెట్టబోతున్నారని తెలిసి, 1987లో నగర మండలి జంతుబలి మీద వరసగా ఆర్డినెన్సులు చేసింది. చూడడానికి జంతుహింస నివారణ, ప్రజారోగ్యం. మినహాయింపులన్నీ తీసేసుకుంటూ పోతే, మిగతా జంతువధ దాదాపు అంతా నిషేధం నుంచి తప్పించుకుని, అందులో మిగిలింది ఆ ఒక్క మతం ఆచారమే. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాటగా కొట్టేశారు.

మీరూ అలాగే చేయండి. ఎడమవైపు నియమం అరికట్టదలచిన హాని రాయండి. కుడివైపు, అదే హాని చేస్తున్నా నియమం వదిలేసిన పనులన్నీ రాయండి. కుడివైపు జాబితా పొడుగ్గా ఉండి, చిక్కింది ఒక్క వర్గమే అయితే నియమం గురి ఎవరి మీదో తేలిపోయింది.

పేరు మార్చే పరీక్షకు ఒక బలహీనత ఉంది. అన్ని ఆచారాలకూ ఇంకో మతంలో జోడు దొరకదు. 2004 మార్చిలో ఫ్రాన్స్ ప్రభుత్వ పాఠశాలల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాల్ని నిషేధించింది. పాఠం ప్రకారం అన్ని మతాలకూ ఒకటే. కానీ మెడలో చిన్న శిలువ పరవాలేదు. తలపాగాకూ తలగుడ్డకూ ‘చిన్న’ రూపం ఉండదు. చిన్నదీ పెద్దదీ అన్న కొలబద్దే చిహ్నాన్ని లోపల దాచుకోగలిగిన మతానికి సరిపోయేలా ఉంది. ఇలాంటి చోట ‘నియమం ఎవరి జీవితాన్ని మామూలు జీవితమని అనుకుంది?’ అని అడగాలి. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి.

ఆరో అడుగు: వెసులుబాటు తూకం

నియమం న్యాయమైన కారణంతోనే వచ్చింది, అయినా ఒకరి మనస్సాక్షి మీద బరువు పడుతోంది. అప్పుడు మినహాయింపు ఇవ్వాలా? ఇక్కడ ప్రజాస్వామ్య దేశాలే ఏకాభిప్రాయంతో లేవు. అమెరికా చరిత్ర చూడండి. శనివారం పనిచేయనన్నందుకు నిరుద్యోగ భృతి ఆపేసిన కేసులో 1963లో కోర్టు కార్మికురాలి పక్షాన నిలిచింది. సౌత్ కరోలినా రాష్ట్ర చట్టం ఆదివారం పాటించేవాళ్లను అప్పటికే కాపాడుతోందన్న సంగతీ ఎత్తిచూపింది. 1990లో పెయోటీ (మతక్రతువులో వాడే ఒక మత్తు మొక్క) కేసుకు వచ్చేసరికి, అందరికీ వర్తించే తటస్థ చట్టం నుంచి మతం పేరిట మినహాయింపు అడిగే హక్కు సాధారణంగా లేదంది. అది నచ్చక అమెరికా చట్టసభ కాంగ్రెస్ 1993లో మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం చేసింది. 2023లో, ఉద్యోగి మత అవసరాన్ని యజమాని కాదనాలంటే వ్యాపారానికి గణనీయమైన అదనపు ఖర్చు అవుతుందని చూపాలని తీర్పు వచ్చింది.

తూకానికి మూడు ప్రశ్నలు చాలు. బరువు ఎంత: చిన్న అసౌకర్యమా, ఉద్యోగమో చదువో పోయేంతా? అదే ప్రయోజనం తక్కువ బరువుతో సాధించే దారి ఉందా? మినహాయింపు ఇస్తే నష్టం ఎవరికి: అడిగినవాళ్లకా, పక్కవాళ్లకా?

మూడో ప్రశ్నే చాలా కేసుల్ని తేలుస్తుంది. తలపాగా ధరించే సిక్కులకు హెల్మెట్ నుంచి బ్రిటన్ 1976లో మినహాయింపు ఇచ్చింది, భారత మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోనూ ఉంది. ప్రమాదం ప్రధానంగా ధరించేవాళ్లది. 2013లో ఐరోపా న్యాయస్థానం ఒకే తీర్పులో రెండు శిలువల్ని చూసింది. విమానసంస్థ ఉద్యోగిని మెడలోది సంస్థ హుందాతనం పేరిట ఆపడం తప్పు అంది. ఆస్పత్రి నర్సు మెడలోది రోగులకు తగిలే ప్రమాదం వల్ల ఆపడం తప్పు కాదంది. చిహ్నం ఒకటే, పక్కవాళ్లకు కలిగే హాని వేరు.

రెండో ప్రశ్నకు మంచి నమూనా కెనడాది. సిక్కులు ధరించే చిన్న కత్తి కిర్పాన్‌ను బళ్లోకి తేవచ్చా అన్న కేసులో 2006లో అక్కడి సుప్రీంకోర్టు పూర్తి నిషేధాన్ని కొట్టేసింది. ఒరలో ఉంచి, బట్టల లోపల కుట్టిన సంచీలో పెట్టుకోవాలన్న తరహా షరతులతో భద్రతా, ఆచారమూ రెండూ కాపాడవచ్చంది. నియమం రాసేవాళ్లు ఉంచాలా తీసేయాలా అనే దగ్గరే ఆగిపోతారు. షరతుల జాబితా రాయడం మొదలుపెడితే సగం గొడవలు అక్కడే సర్దుకుంటాయి.

ఒక జాగ్రత్త. మినహాయింపు మతానికి మాత్రమే ఇస్తే, అంతే గట్టి మనస్సాక్షి ఉన్న నాస్తికుడి సంగతేమిటి? వీలైన ప్రతిచోటా ‘మతం’ పక్కన ‘లేదా మనస్సాక్షి’ అని చేర్చండి.

ఏడో అడుగు: తటస్థత పనిచేయని నేల

ఇక్కడికి వస్తే ప్రజాస్వామ్యం తూకం వేయదు, వేయకూడదు. తోటి మనిషిని పౌరుడిగా తక్కువ చేసే ఆచారం ఎంత పురాతనమైనా, ఎంత నిజాయితీగా నమ్మినా సరే. భారత రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసినప్పుడు దానికి మతాధారం ఉందా లేదా అని ఆగలేదు. 25వ అధికరణ రెండో భాగం హిందూ ధార్మిక సంస్థల తలుపులు అన్ని వర్గాల హిందువులకూ తెరిచే చట్టాలకు చోటు పెట్టింది. ఇది పక్షపాతమే. సమానత్వం వైపు పక్షపాతం. దీన్ని ‘తటస్థత’ అని పేరు పెట్టి దాచకండి; పరీక్ష నివేదికలో ఉన్నదున్నట్టు రాయండి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ రాజ్యాంగ నైతికత గురించి చెబుతూ, అది సహజంగా పుట్టుకొచ్చే భావం కాదనీ అలవరచుకోవాల్సిందనీ అన్నాడు. తటస్థంగా ఉన్నదాన్ని ఎవరూ అలవరచుకోనక్కర్లేదు.

పిల్లల విషయం కూడా ఈ నేల మీదిదే. పెద్దలు తమ నమ్మకం కోసం తమ ప్రాణాన్ని పణంగా పెట్టవచ్చు. పిల్లల ప్రాణాన్ని పెట్టడానికి వీల్లేదన్నది 1944 నాటి అమెరికా తీర్పు సారం. 1972లో అదే కోర్టు, ఆధునిక జీవనానికి దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించవచ్చంది. ఒక న్యాయమూర్తి మాత్రం, చదువు మానేది పిల్లలు కదా, వాళ్లను అడిగారా అని ప్రశ్నించాడు. మీ జాబితాలో పిల్లలుంటే ఆ ప్రశ్న కాపీ చేసుకోండి.

మతంలోంచి బయటికి వెళ్లే దారి తెరిచి ఉండాలన్నది ఇంకొకటి. ఇక్కడ నిజమైన చిక్కు ఉంది. మతసంఘం ఒకరిని వెలివేయకుండా బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని భారత సుప్రీంకోర్టు 1962లో 4-1తో కొట్టేసింది. సంఘానికి తన సభ్యుల్ని నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందంది. ప్రధాన న్యాయమూర్తి విభేదించాడు. సంఘం స్వేచ్ఛ, సభ్యుడి స్వేచ్ఛ ఢీకొంటే, బయటికి వెళ్లినవాళ్లకు ఆస్తి, సమాధిస్థలం, కుటుంబం మిగులుతాయా అన్నది చూసి తేల్చండి. కాగితం మీద మాత్రమే ఉన్న దారి దారి కాదు.

ఒక నియమం మీద మొత్తం వేసి చూద్దాం

‘పరీక్ష హాల్లోకి తల మీద ఏమీ ధరించి రాకూడదు’ అని ఒక ప్రభుత్వ పరీక్షల సంస్థ నియమం పెట్టిందనుకోండి. కారణం: చెవిలో పరికరాలు దాచి కాపీ కొట్టకుండా చూడడం. కారణం వడపోతకు నిలుస్తుంది, ఏ మతమూ అక్కర్లేదు. మాట ప్రభుత్వ సంస్థది, కాబట్టి తటస్థత బాధ్యత ఉంది. ఒప్పుకోమనడం లేదు, మానమంటోంది, తూకానికి వెళ్లవచ్చు. మినహాయింపులు చూస్తే, తల గాయానికి కట్టు ఉన్నవాళ్లను తనిఖీ చేసి పంపుతున్నారు. అంటే తనిఖీతో హాని తప్పించవచ్చని సంస్థే ఒప్పుకుంది. వైద్య కారణానికి ఉన్న దారి మనస్సాక్షికి ఎందుకు లేదన్న దానికి సంస్థ దగ్గర జవాబు ఉండదు.

సవరణ ఇలా రాయవచ్చు: మత లేదా మనస్సాక్షి కారణంగా తల కప్పుకునేవాళ్లు గంట ముందు రావాలి, ఆడవాళ్లను ఆడవాళ్లే, మగవాళ్లను మగవాళ్లే తెర చాటున తనిఖీ చేయాలి, చెవులు పరిశీలించడానికి సహకరించాలి, తనిఖీకి ఒప్పుకోనివాళ్లను లోపలికి అనుమతించరు. ఆఖరి షరతు తప్పనిసరి. అది లేకపోతే మిగతా అభ్యర్థులకు అన్యాయం జరుగుతుంది, వచ్చే ఏడాది నియమం పాత రూపంలోకి తిరిగి వెళ్తుంది. గంట ముందు రమ్మన్న సమాచారం హాల్ టికెట్ మీదే అచ్చు వేయాలి. గేటు దగ్గర చెబితే, వెసులుబాటు ఉన్నా అందినట్టు కాదు.

నివేదిక రాసేటప్పుడు ‘ఈ నియమం తటస్థం’ అన్న వాక్యం వాడకండి. ఎందులో తటస్థమో, ఎందులో కాదో, కానిచోట ఏ విలువ కోసం పక్షం తీసుకుందో విడివిడిగా రాయండి. నియమం వల్ల బరువు మోస్తున్నవాళ్లలో కనీసం ఒకరి చేత ముసాయిదా చదివించి, వాళ్లు చెప్పిన అభ్యంతరాన్ని వాళ్ల మాటల్లోనే జతచేయండి. మినహాయింపుల జాబితాకు కొత్త పేరు చేరిన ప్రతిసారీ ఐదో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.